శవం లేనిదే శోకం లేదన్న అవ్వ

ఈ కింద రాసేదంతా అక్షరం అక్షరం నిజం. దేవుడి మీద ఒట్టు పెట్టడం లేదు, ఆయనకు నా సంగతి బాగా తెలుసు. నా రెండు చెవుల మీద ఒట్టు. రికార్డింగు పని చేసినవాడికి అంతకన్నా ఆస్తి లేదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, రేపటి నుంచి నాకు మా ఇంటావిడ గొంతు తప్ప ఇంకే చప్పుడూ వినిపించకుండా పోవుగాక.

నేను రిటైరయ్యానని కొందరు అంటుంటారు. నాకింకా ఆ వయసు రాలేదు. రిటైరయింది క్యాసెట్టు. దాని వెనకాలే పోవలసి వచ్చిందంతే. ఇప్పుడు మీరు ఫోను జేబులోంచి తీసి, ఎవరు ఏం పాడినా పట్టేసుకుంటున్నారు. సంతోషం. కానీ పట్టుకున్నదాన్ని ఇంటికి తీసుకుపోయి, గాలి చప్పుడు తీసేసి, దగ్గు తీసేసి, గొంతు నున్నగా చేసి, కింద తబలా పెట్టి, అప్పుడు లోకానికి వినిపిస్తున్నారు. ఇది మాత్రం మీ కోసమే రాస్తున్నాను.

తొంభైల మధ్యలో నేను హిందూపురంలో ఒక సావుకారి దగ్గర పనిచేసేవాణ్ణి. చింతపండు మండీల వీధిలో కింద ఆయన అంగడి, పైన మేడగదిలో రికార్డింగు. అంగడి ఆయన బతుకు, రికార్డింగు ఆయన సరదా. చప్పుడు బయటికి పోకుండా గోడలకు గోనెపట్టాలు కొట్టి, వాటి మీద పాత పరుపులు కొట్టాము. ఎన్ని పరుపులు కొట్టినా కింది వాసన పైకి రాక మానదు. బెంగుళూరు నుంచి వచ్చిన గాయకులు మైకు ముందు నోరు తెరవగానే నీళ్ళూరేవి. మా క్యాసెట్లలో భజన పాటలు కాస్త తడితడిగా వినిపిస్తాయంటే కారణం భక్తి కాదు.

నాతోపాటు ఒక కీబోర్డు మాస్టరు ఉండేవాడు. మంచివాడు. ఆయన కీబోర్డులో చాలా మీటలుండేవి గానీ, ఆయనకు ఇష్టమైనది వయొలిన్ మీట ఒక్కటే. పెళ్ళిపాటకూ అదే, హారతిపాటకూ అదే. ఎరువుల కంపెనీ ప్రచారం పాటకు కూడా వయొలిన్ పెడితే, విన్న రైతులు ఎరువు వేశాక పంట పోతుందేమోనని భయపడ్డారు.

అట్లాంటి మా మేడ మీదికి ఒకరోజు ఒక ఫారినమ్మ ఎక్కి వచ్చింది.

మా వైపు ఫారినువాళ్ళు కొత్త కాదు. దగ్గర్లోని ఆశ్రమానికి వచ్చేవాళ్ళు ధర్మవరం స్టేషన్లో దిగుతూనే ఉంటారు. ఈమె కూడా అట్లా దిగినదే. ఆశ్రమంలో కొంత తెలుగు నేర్చుకుంది. మోక్షం, కరుణ, అంతరాత్మ వచ్చు. ఉప్పు రాదు. ఒకనాడు పెనుకొండ కోట చూడటానికి పోయి, దారిలో ఒక సందులో చావింటి ముందు ఆగిపోయిందట. లోపల ఒక అవ్వ శోకాలు పెట్టి ఏడుస్తోంది. ఫారినమ్మ మొదట నిలబడి విన్నది, తర్వాత ఆడవాళ్ళ మధ్య కూలబడింది, తర్వాత అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. "ఈ యమ్మ పోయినాయనకు ఏమైతాదే?" అని ఒకరినొకరు అడగడం మొదలైంది. పోయినాయన భార్య కూడా ఏడుపు ఆపి ఈమెను కిందనుంచి పైదాకా చూసిందంటే, సంగతి ఎంతదాకా పోయిందో అర్థం చేసుకోండి.

"అవ్వ… ఏడుపు… నాకు కావాలి," అన్నది మా మేడ మీద నిలబడి. వాళ్ళ దేశంలో ఆమె పని ఇదేనట. ఊరూరూ తిరిగి పల్లెపాటలు పట్టుకొచ్చి, హాళ్ళలో జనానికి వినిపించడం. ఆమె తెలుగూ నా ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపడా భాష అయ్యేది.

సావుకారి ఎగిరి గంతేశాడు. "ఫారిన్‌కు పోయే సరుకప్పా! గలీజుగా పోగూడదు. మాస్టరుకు చెప్పు, బాగా వయొలిన్ పెట్టి జమాయించల్ల."

నేను తలూపాను. అప్పటికి నాకూ అదే సరైనదనిపించింది. సరుకును శుభ్రం చేసి పంపడమే మా ఉద్యోగం.

ఫారినమ్మను వెంటబెట్టుకుని పెనుకొండ బస్సెక్కాను. అవ్వ ఇంటి ముందు కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. ఆమెకు అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు వదిన, ఇంకొకరు పక్కింటామె. ఎక్కడ చావు జరిగినా ఈ ముగ్గురూ కలిసే పోతారు. అవ్వ ఒక్కో మాటా ఎత్తుకుంటే చివర్లో ఈ ఇద్దరూ వంత అందిస్తారు. ఎవరో పిలిచి పెట్టుకునే మనుషులు కారు. ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా అవ్వ వచ్చి ఏడిస్తేనే మర్యాద.

"యాడనుంచప్పా?"

"హిందూపురం నుంచవ్వా."

"ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదవ్వా. నీ శోకం టేపులో పట్టుకుందామని వచ్చినాము."

అవ్వ చేతిలో కాయ అట్లాగే ఆగింది. "ఎవురూ పోకుండానే ఏడ్చల్లనా? తిక్కగాని పట్టిందా నీకు? శోకమంటే గాలికి పాడే పాట అనుకుంటివా? అది బయటికొచ్చినాక ఎవుర్నో ఒకర్ని చూసుకుంటాది. ముందర పీనిగ ల్యాకుంటే పక్కనుండేవాన్ని చూసుకుంటాది. ఇప్పుడు నా పక్కన ఎవురుండారు? నువ్వే ఉండావు."

నేను కొంచెం అవతలికి జరిగాను.

ఇది ఆ ముగ్గురి కట్టుబాటు. చావు లేని చోట శోకం ఎత్తరు. ఎత్తాక మధ్యలో ఆపరు. శోకంలో ఎవరిని ఏమన్నా ఎవరూ ఎదురు చెప్పకూడదు, అడ్డం పడకూడదు. పోయినవాణ్ణి పొగడొచ్చు, తిట్టొచ్చు. బతికున్న కోడలిని, అల్లుణ్ణి, ఊరి పెద్దను కూడా కడిగేయొచ్చు. ఏడుస్తున్న ఆడదాని నోటికి ఆ కాసేపు పగ్గం లేదు.

నేను చెప్పాల్సింది అయిపోయింది. అప్పుడు ఫారినమ్మ సంచిలోంచి చేతిలో పట్టేంత టేప్ రికార్డరు తీసి, ఏమీ చెప్పకుండా మీట నొక్కింది. ఏ దేశపు ఆడగొంతో, ముసలిది. వాయిద్యం లేదు. వెనక గాలి కొడుతోంది. మాట ఒక్కటి అర్థమైతే ఒట్టు. ముగ్గురూ చెనిక్కాయలు పక్కన పెట్టారు.

"మొగుడు పోయినాడు పాపం," అంది పక్కింటామె.

"మొగునికి ఇంతసేపు ఎవురేడుస్తారే? బిడ్డ పోయినాడు," అంది వదిన.

"ఇద్దరూ గమ్మునుండండి. తోడబుట్టింది పోయినాది," అని తేల్చేసింది అవ్వ. చెంగు అప్పటికే తడిసిపోయింది.

ఎవరి కోసమని నేను ఫారినమ్మను అడిగాను. ఆమెకు ఆ మాట తెలుగులో రాలేదు. అరుగు మీద వేళ్ళతో టకటక టకటక కొట్టి, మెడ మీద జూలు చూపించి, సకిలించింది.

"గుర్రమంటవ్వా," అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే ఏమి," అంది అవ్వ ముక్కు తుడుచుకుంటూ, "మంచి గుర్రమై ఉంటాది."

ఆ తర్వాతే అసలు సంగతి బయటికొచ్చింది. అవ్వకు ఒక అక్క ఉండేది, తలుపుల అనే ఊరి దగ్గర పల్లెలో కాపురం. ఒక కరువు ఏడు అవ్వవాళ్ళు పనికోసం కర్ణాటకకు పోయినప్పుడు ఆ అక్క చనిపోయింది. తిరిగొచ్చేసరికి మన్ను కూడా ఆరిపోయింది. శవం లేదు కాబట్టి శోకం లేదు.

"ఊర్లో అందరికీ ఏడ్చినా. నాకు పడనోళ్ళకు కూడా ఏడ్చినా. మా యక్కకు ఏడ్చింది ల్యా. ఈడ్నే ఉండాది," అని గొంతు కింద చెయ్యి పెట్టింది. "గుర్రం ఏడుపు ఆడ్నించి ఈడికి వచ్చింది గదా? మా యక్క ఏడుపు ఈడ్నించి ఆడికి పోగూడదా?"

"పోతాదవ్వా."

"అట్లయితే వస్తా. కానీ ముందర ఎవురైనా పీనిగ మాదిరి పండుకోవాల. ఉత్త నేలను చూసి ఏడ్చలేను. ఇంగొకటి. నా నోట్లోనుంచి వచ్చింది వచ్చినట్లే పోవాల. దాంట్లో ఇంగొకరు చెయ్యి పెట్టకూడదు. చెయ్యి పెడితే అది మా యక్కకు పోదు. తెలిసిందా?"

తెలిసిందన్నాను. వయొలిన్ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అనుకున్న రోజున ముగ్గురూ బస్సు దిగి మేడ ఎక్కారు. గది చూసి వదిన, "ఈ గోడలకు పరుపులేమే? తలకాయలు కొట్టుకుంటారా యేమి ఈడ?" అంది. శవం కావాలన్న సంగతి సావుకారికి నేను అప్పుడే చెప్పాను.

"ముందే చెప్పకూడదేమప్పా? అంగడి తెరిచిపెట్టుకోని పీనిగను యాడనుంచి తెచ్చల్ల?"

కీబోర్డు మాస్టరును చూశాము. తనకు మొన్ననే పెళ్ళయిందని, ఈ సంగతి అత్తగారికి తెలిస్తే పిల్లను పంపరని చెప్పి కీబోర్డు వెనక్కి పోయాడు. నేను మెషిన్ దగ్గర ఉండాలి. ఫారినమ్మ తాను పడుకుంటానని ముందుకొచ్చింది గానీ అవ్వ ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన ఆడబిడ్డను పీనిగ చేస్తారా? సిగ్గుల్యా మీకు?" అంది. ఇక గదిలో మిగిలింది సావుకారి ఒక్కడే. ఆయన గోడకున్న పరుపుల వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, ఫారినమ్మ వైపు చూశాడు. సరుకు ఫారిన్‌కు పోవాలి.

"బిరబిరా కానియ్యండి," అని చాప మీద పడుకున్నాడు.

తల దక్షిణానికి తిప్పించింది అవ్వ. కాలి బొటనవేళ్ళు రెండూ గుడ్డపేలికతో కట్టమంది. ఆ పని నేను చాలా శ్రద్ధగా చేశాను. నా ఉద్యోగ జీవితంలో అంత గట్టి ముడి ఇంకెక్కడా వేయలేదు.

"మధ్యలో లేస్తే మాత్రం నాకు తెలీదప్పా," అంది అవ్వ సావుకారితో. "లేచిన పీనిగను మళ్ళీ ఇంట్లోకి రానిచ్చరు."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను టేపు తిప్పాను. అవ్వ చాప పక్కన కూర్చుంది. ముందుకూ వెనక్కూ ఊగింది. ఆ తర్వాత వచ్చింది.

"ఒగే కోక చింపుకోని ఇద్దరం కడితిమే నా యక్కా,
నీ సగం కట్టుకోని నువ్వు పోతివే నా యక్కా,
నా సగం ఎవురితో కలిపి కుట్టాల్నే నా యక్కా!"

"నా యక్కో…" అని ఆ ఇద్దరూ అందించారు.

"కోడిపెట్ట కోసం నాతో మాటిడిస్తివే నా యక్కా,
ఇప్పుడు పెట్టా ల్యాదు, గంపా ల్యాదు, నువ్వూ ల్యావే నా యక్కా,
చెనిక్కాయ సేన్లో నీ సాలు కలుపు ఎవురు తీయాల్నే నా యక్కా!"

నా ముందున్న మెషిన్‌లో చప్పుడు కొలిచే ముల్లు ఎర్రగీత దాటి అవతల కొట్టుకుంటోంది. మామూలుగా అయితే చెయ్యి పెట్టి తగ్గించాలి. గొంతు చీలుతోంది, ఊపిరి మైకుకు తగులుతోంది, చేత్తో ఛాతీ కొట్టుకుంటే ఆ దెబ్బా వస్తోంది. ఉద్యోగంలో ఇవన్నీ నేను తీసేసే చప్పుళ్ళు. వాటిని తీసేస్తే అక్కడ ఏం మిగులుతుందని ఆ రోజే మొదటిసారి ఆలోచించాను. చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాను.

ఫారినమ్మ గోడ పరుపుకు ఆనుకుని జారిపోయి కూర్చుంది. కోక ఏమిటో, సాలు ఏమిటో ఆమెకు తెలియదు. అయినా ఆ ఇద్దరితోపాటు "నా యక్కో" అని తానూ అందిస్తోంది. కీబోర్డు మాస్టరు కళ్ళద్దాలు తీసేశాడు.

అక్క మీద కోపం తీరాక, శోకం ఎక్కడికి తిరగాలో అక్కడికి తిరిగింది.

"బండరాయి మాదిరి పండుకోని ఇంటాండావే ఓ సావుకారీ,
మా యక్క ఏడుపుకు బాజా పెడతానంటివంట ఓ సావుకారీ,
నువ్వు పోయిననాడు నీకు మిషనొచ్చి ఏడ్చాల్నా ఓ సావుకారీ!"

ఆ వయొలిన్ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నా చెవుల మీద ఒట్టు ఈ వాక్యానికి వర్తించదు.

సావుకారి పొట్ట పైకీ కిందికీ ఎగురుతోంది. బొటనవేళ్ళు మెలితిరిగాయి. లేవడానికి లేదు, నోరెత్తడానికి లేదు. తన చావును తన చెవులతో వింటున్నాడు. కొంతసేపటికి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి రెండు చెవుల్లోకి పోయాయి. ఎందుకో నేను అడగలేదు. ఆయనకూ ఒక అక్క ఉండేదని మండీలో అంటారు.

ముగిసింది. నేను ముడి విప్పాను. సావుకారి లేచి కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది," అన్నాడు. "ఆ కడపట తిట్లు కోసెయ్. రొప్పు తీసెయ్. కింద మాస్టరు రవ్వంత వయొలిన్ పెడతాడు."

ఇంత ఏడ్చిన మనిషి అట్లా ఎట్లా అన్నాడని మీరనుకోవచ్చు. నేను చూసినంతలో మనసు కరిగించే పాట వినగానే మనిషికి పుట్టే మొదటి బుద్ధి ఇదే. ఇంకోసారి అంతగా కరగకుండా దానికి ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలని చూస్తాడు.

"నేను చెయ్యి పెట్టను," అన్నాను.

"ఏమంటివి?"

"కొయ్యను. మీకు కావాలంటే మీరే కొయ్యండి."

"రేపట్నుంచి పనికి రావద్దు."

"వస్తా. వచ్చి గమ్మున కూచుంటా. ఈ టేపు మాత్రం ముట్టను. ఎవుర్నీ ముట్టనీను."

కీబోర్డు మాస్టరు లేచాడు. కీబోర్డు తీగ ఊడబీకి, చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆయన జీవితంలో అదే పెద్ద తిరుగుబాటు.

అవ్వ తొందరపడలేదు. కొంగు దులుపుకుని లేచింది. "కోసుకో సావుకారీ. నీ గది, నీ మిషను. కోసినావంటే మా యక్కకు ఏడ్చింది ల్యాదన్నట్లే లెక్క. మళ్ళా మొదట్నుంచి ఏడ్చల్ల. నీ అంగడి ముందరే కూచుంటా. పొద్దున నువ్వు తలుపు తీసి దీపం పెట్టే యాలకు ఎత్తుకుంటా. ముందర పీనిగ అక్కర్లేదు, నువ్వుంటావు గదా."

బోణీ వేళకు అంగడి ముందు ముగ్గురు ఆడవాళ్ళ శోకం. మండీ వీధిలో ఇంతకన్నా పెద్ద బెదిరింపు లేదు. సావుకారి కాసేపు ఆలోచించి, నవ్వి, "సరేలేవ్వా, ఉన్నదున్నట్లే పంపిస్తాం," అని పెద్దమనిషి తరహాలో ఒప్పుకున్నాడు.

ఫారినమ్మ టేపు తీసుకుని పోయింది. మరుసటేడు మళ్ళీ ధర్మవరంలో దిగి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా పెనుకొండకు వచ్చింది, ఒక క్యాసెట్టుతో. వాళ్ళ దేశంలో ఒక హాల్లో అవ్వ శోకం వినిపించినప్పుడు అక్కడి చప్పుళ్ళు పట్టిందట. ఆ తర్వాత ఇంకా వేరే దేశాల్లో కూడా వినిపించిందట. అర్థం ఎవరికీ చెప్పలేదట, చెప్పడానికి తనకే తెలియదట.

మీట నొక్కింది. అవ్వ గొంతు ఆగిపోయాక చాలాసేపు ఏమీ లేదు. చప్పట్లు లేవు. ఎవరో మగమనిషి ముక్కు చీదాడు. కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఆ జనంలోంచి ఎవరో ఒక ఆడమనిషి, తన భాషలో, సన్నగా ఎత్తుకుంది. పాడటానికి వచ్చిన మనిషి కాదు, వినడానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మనిషి.

"అయ్యో," అంది అవ్వ టేప్ రికార్డరుతో. "ఎవురు పోయినారమ్మా నీకు?"

అది జవాబు చెప్పలేదు. ఏడుస్తూనే ఉంది. అందించేవాళ్ళు లేక ఒంటరిగా ఏడుస్తోంది. అది అవ్వకు నచ్చలేదు. వదినకు సైగ చేసింది. ముగ్గురూ ఆ చిన్న పెట్టె చుట్టూ కూర్చుని, దాని ప్రతి మాట చివరా వంత అందించడం మొదలుపెట్టారు. ఫారినమ్మ నాలుగోదిగా చేరింది. చప్పుడు విని వీధిలో పోతున్న ఒకాయన సైకిలు దిగాడు.

"ఏమవ్వా, ఎవురు పోయినారు?"

"దూరపు సుట్టంలేప్పా," అంది అవ్వ.

ఇంతే కథ. పల్లెపాటను కడిగి, దువ్వి, పౌడరు రాస్తే తప్ప లోకం చెవి పెట్టదని ఎవరైనా అంటే, అటువంటి పెద్దలను నా దగ్గరికి పంపండి. చాప ఉంది, గుడ్డపేలికా ఉంది. పడుకోబెడతాను.

చివరిగా ఒక సంగతి ఒప్పుకోవాలి. పైన ఒక ముక్క నేను కల్పించాను. శవం నిజం. గుర్రం నిజం. సావుకారి నవ్వి, పెద్దమనిషి తరహాలో ఒప్పుకోవడం మాత్రం అబద్ధం. ఆయన ఒప్పుకోలేదు, కోసి తీరతానన్నాడు. "ఎప్పుడైనా రాస్తే, నేను మర్యాదగా ఒప్పుకున్నట్లు రాయప్పా" అని తర్వాత నన్ను అడిగాడు, రాస్తానని మాటిచ్చాను. రాశాను కదా, మాట చెల్లింది. ఇక జరిగింది ఇది. అవ్వ అన్నంత పనీ చేసింది. మర్నాడు పొద్దున తలుపు తీసే వేళకు ముగ్గురూ అంగడి ముందు కూర్చుని ఆ అక్కకు మొదట్నుంచి ఎత్తుకున్నారు. మండీలో చింతపండు కొట్టే ఆడవాళ్ళు కట్టెలు కింద పెట్టి వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఎవరో ఒకరు పోయే ఉన్నారు. వీధి వీధంతా "నా యక్కో" అని అందించింది. బేరాలు ఆగిపోయాయి, లారీలు ఆగిపోయాయి, సావుకారి మెట్ల మీద కూలబడి తానూ అందించాడు. నేను మేడ కిటికీలోంచి మైకు కిందికి వదిలాను. ఫారిన్ హాళ్ళలో జనాన్ని ఏడిపించింది పరుపుల గదిలోది కాదు, ఆ పొద్దుటిది. లారీ హారన్లు, హమాలీల కేకలు, సావుకారి ఎక్కిళ్ళు, అన్నీ దాంట్లో ఉన్నాయి. ఒక్క చప్పుడూ తీయలేదు.